బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌లో నాన్నగారు లింకు నొక్కారు, ఇప్పుడేం చేయాలి?

అమ్మా, మీరు రాసినదాంట్లో ముందు నా కంట పడింది ఒక్క ముక్క: "ఓటీపీ అడిగేసరికి నాన్నకు అనుమానం వచ్చి ఆపేశారు." అక్కడ ఆగారు కాబట్టి సగం గండం గడిచింది. మిగతా సగం ఇంకా ఉంది. అందుకే మెయిల్‌ను ఎలా గుర్తుపట్టాలన్నది తర్వాత చెబుతాను, ముందు ఈ రోజు చేయాల్సిన పని చూద్దాం.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇది. తెనాలిలో ఉండే మీ నాన్నగారు రిటైర్డ్ టీచరు. పెన్షన్ పడే బ్యాంకు పేరుతోనే నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు వివరాలు) అప్‌డేట్ చేయకపోతే 24 గంటల్లో ఖాతా ఆగిపోతుందని అందులో ఉంది. ఆయన లింకు నొక్కి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, డెబిట్ కార్డు నంబరు ఇచ్చారు. డబ్బు పోలేదు. మీరు బెంగళూరులో ఉన్నారు, దూరం నుంచి ఏం చేయాలో తోచక టెన్షన్ పడుతున్నారు. నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో చివరి ఆరేళ్లు ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదులు చూసే సెక్షన్‌లోనే గడిచాయి. ఇలాంటివి చాలా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

"డబ్బు పోలేదు కదా" అని మాత్రం ఊరుకోవద్దు. వాళ్ల చేతిలో ఇప్పుడు మీ నాన్నగారి పాస్‌వర్డ్ ఉంది, కార్డు నంబరు ఉంది, ఏ బ్యాంకో తెలుసు, కేవైసీ అంటే ఆయన కంగారుపడతారనీ తెలుసు. లేనిది ఓటీపీ ఒక్కటే. దానికోసం ఇవాళో రేపో ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎలా ఉంటుందంటే, "నమస్కారం మాస్టారూ, బ్రాంచి నుంచి మాట్లాడుతున్నాను. నిన్న మీ కేవైసీ సగంలో ఆగిపోయింది. మీ కార్డు చివరి నాలుగు అంకెలు ఇవే కదా?" అని మొదలుపెడతారు. అంకెలు సరిగ్గా చెబుతారు. నిన్న ఆయనే స్వయంగా టైప్ చేసినవి కదా! అంత సరిగ్గా చెప్పేసరికి పెద్దవాళ్లకు నమ్మకం కుదురుతుంది. "ఇప్పుడొక నంబరు వస్తుంది, అది చెబితే చాలు" అంటారు. మెయిల్ దగ్గర తప్పించుకుని, మర్నాడు ఫోన్ దగ్గర దొరికిపోయినవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. కాబట్టి అన్నిటికన్నా ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పండి: ఎవరు ఫోన్ చేసినా, ఎంత మర్యాదగా మాట్లాడినా, "నేనే బ్రాంచికి వస్తాను" అని పెట్టేయమనండి.

తర్వాత కార్డు వెనక ఉన్న నంబరుకు, లేదా పాస్‌బుక్ మీద ఉన్న నంబరుకు ఆయన చేత ఫోన్ చేయించండి. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి దొరికిన నంబరుకు మాత్రం వద్దు. అక్కడ కూడా దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చుంటారు, భయపడి వెతికేవాళ్లే వాళ్లకు కావాలి. ఫోన్‌లో డెబిట్ కార్డు బ్లాక్ చేయించి, నెట్ బ్యాంకింగ్‌ను తాత్కాలికంగా లాక్ చేయమనాలి. పాస్‌వర్డ్ మార్చడం బ్యాంకు యాప్‌లోనైనా చేయవచ్చు, అడ్రస్ స్వయంగా టైప్ చేసి సైట్లోకి వెళ్లయినా చేయవచ్చు. కొన్ని బ్యాంకుల్లో లాగిన్ పాస్‌వర్డ్ వేరు, ప్రొఫైల్ పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చాలి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కో, ఇంకో బ్యాంకుకో వాడి ఉంటే అక్కడా మార్చండి. పెద్దవాళ్లు చాలామంది అన్నిటికీ ఒకటే పెట్టుకుంటారు, తప్పు పట్టకుండా అడిగి తెలుసుకోండి.

రేపు ఆయన బ్రాంచికి వెళ్లినప్పుడు మూడు సంగతులు అడగమనండి. రిజిస్టర్ అయిన మొబైల్ నంబరు, ఈమెయిల్ తనవేనా? కొత్తగా ఎవరినైనా బెనిఫిషియరీగా, అంటే డబ్బు పంపే ఖాతాగా, చేర్చారా? ఎఫ్‌డీల (ఫిక్స్‌డ్ డిపాజిట్ల) మీద ఏమైనా కదలిక ఉందా? మూడోది చాలామందికి తట్టదు. "నా సేవింగ్స్‌లో పన్నెండు వేలే ఉన్నాయి, మిగతాదంతా ఫిక్స్‌డ్‌లో ఉంది, పోయేదేముంది" అనుకుంటారు. నెట్ బ్యాంకింగ్‌లోకి వచ్చినవాడు ఎఫ్‌డీని ఆన్‌లైన్‌లోనే మూసేయగలడు. కొన్ని బ్యాంకుల్లో దాన్ని తాకట్టు పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్, అంటే అప్పు, కూడా తీయగలడు. రిటైర్మెంట్ డబ్బు ఎక్కువగా ఉండేది అక్కడే. మీ నాన్నగారికి ఆన్‌లైన్‌లో పెద్ద మొత్తాలు పంపాల్సిన అవసరం లేకపోతే, రోజువారీ లిమిట్ తగ్గించమని బ్రాంచిలో రాసివ్వడం మంచిది.

ఇప్పుడు, ఒకవేళ డబ్బు పోయి ఉంటే ఏం చేయాలో కూడా చెబుతాను. మీకు ఇవాళ అవసరం లేకపోయినా, మీ ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

నేను సెక్షన్‌లో ఉన్నప్పుడు ఒక సోమవారం ఉదయం, ఇంకా షట్టర్ పూర్తిగా లేపకముందే, ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చేతిలో మెయిల్ ప్రింటు, నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పితే కింద డబ్బు పోయిన మెసేజ్‌లు నీలం పెన్నుతో వరసగా రాసుకుని ఉన్నాయి. టైంతో సహా, చక్కటి దస్తూరీలో. మొదటిది శుక్రవారం రాత్రి 9:40. "శుక్రవారం పోతే ఇప్పుడొచ్చారేమిటి మాస్టారూ?" అని అడిగాను. ఆయన తల వంచుకుని, "అబ్బాయికి చెప్పడానికి మొహం చెల్లలేదండీ" అన్నారు. మూడు రాత్రులు, రెండు పగళ్లు. ఆ డబ్బు శుక్రవారం రాత్రే వేరే రాష్ట్రంలోని మూడు ఖాతాలకు చేరి, శనివారం మధ్యాహ్నానికి ఏటీఎంలలోంచి బయటికొచ్చేసింది. ఒక ఖాతాలో మిగిలిన కొంచెం మాత్రమే ఆపగలిగాం. శుక్రవారం రాత్రే ఆయన కొడుక్కు చెప్పి, కొడుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇంకా చాలా దక్కేది. ఆ దస్తూరీ నాకిప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. అందుకే చెబుతున్నాను, మీ నాన్నగారిని ఒక్క మాట కూడా అనకండి. ఇవాళ తిట్లు తిన్న మనిషి రేపు నిజంగా పోయినప్పుడు దాచిపెడతాడు.

డబ్బు పోయిన నిమిషంలోనే చేయాల్సింది 1930కి ఫోన్. అది దేశమంతటికీ సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఫిర్యాదు ఎక్కగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది, వాళ్లు ఆ ఖాతాలో ఉన్న మొత్తాన్ని ఆపేస్తారు. డబ్బు అక్కడినుంచి ఇంకో ఖాతాకు పోయి ఉంటే ఆ బ్యాంకుకూ వెళుతుంది. మాలో మేము వాటిని మ్యూల్ ఖాతాలు అంటాం. కమీషన్‌కు ఆశపడి ఎవరో అమాయకుడు అద్దెకిచ్చిన ఖాతాలు. అవి దాటి నగదుగా మారకముందే పట్టుకోవాలి, అందుకే గంటలు లెక్క. ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, టైం, మొత్తం దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాన్ని జాగ్రత్త చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో మిగతా వివరాలు పూర్తిచేయాలి. అలా ఆగిన డబ్బు తిరిగి రావడానికి చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. కాబట్టి "పోలీసులకు చెబితే ఏమొస్తుంది" అనుకోవద్దు.

1930కి చెప్పాం కదా అని బ్యాంకుకు చెప్పడం ఆపకండి. ఎందుకంటే ఎవరు నష్టపోవాలన్నది బ్యాంకుకు చెప్పిన టైం మీద ఆధారపడి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ఇది. తప్పు బ్యాంకుదైతే మీ నాన్నగారికి నష్టం సున్నా, ఎప్పుడు చెప్పినా సరే. తప్పు బ్యాంకుదీ కాదు, కస్టమర్‌దీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందంటే, 3 పనిదినాల్లోపు చెబితే సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10 వేల రూపాయలు కస్టమర్ భరించాలి. 7 పనిదినాలు దాటితే బ్యాంకు సొంత పాలసీ ప్రకారం. ఇక కస్టమరే పాస్‌వర్డో ఓటీపీయో ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా కస్టమర్‌దే. చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. ఓటీపీ ఇచ్చేశాను, ఇక నాదే తప్పు అని కూర్చుంటే రెండో విడతా, మూడో విడతా పోతుంది. మొదటిది పోయిన వెంటనే చెబితే ఆ మిగతావి మీ మీద పడవు. అందుకే ఫోన్‌లో చెప్పినా, దాంతోపాటు రాతలో కూడా ఇచ్చి, టైం ఉన్న రసీదు తీసుకోవాలి.

తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన బాధ్యత కూడా ఆ సర్క్యులర్ ప్రకారం బ్యాంకుదే. కౌంటర్లో "మీరే ఓటీపీ ఇచ్చారు, మేమేం చేయలేం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకుని వచ్చేయకండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. పాత కేసు ఒకటి చెబుతాను. అబుదాబిలో ఉద్యోగం చేసే ఒక ఎన్నారై 2007లో అచ్చం మీ నాన్నగారికి వచ్చినలాంటి మెయిల్‌కు జవాబిచ్చి ఆరు లక్షల పైచిలుకు పోగొట్టుకున్నాడు. బ్యాంకు, నీ నిర్లక్ష్యమే అంది. ఐటీ చట్టం కింద విచారణాధికారిగా ఉన్న తమిళనాడు ఐటీ కార్యదర్శి 2010 ఏప్రిల్లో బ్యాంకు భద్రతా లోపాలను ఎత్తిచూపి, 12.85 లక్షల రూపాయలు ఇవ్వమని ఆదేశించారు. అందరికీ అలాగే వస్తుందని కాదు. కస్టమర్ లింకు నొక్కినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తుడిచిపెట్టుకుపోదు అని మాత్రం అర్థం చేసుకోండి.

ఇక మీ రెండో ప్రశ్న, దొంగ మెయిల్‌ను ఎలా గుర్తుపట్టాలి.

మొదట కేవైసీ సంగతే తీసుకుందాం, ఎందుకంటే మీ నాన్నగారిని పడగొట్టింది అదే. కేవైసీ మళ్లీ చేయించాల్సిన గడువు, రిస్కు తక్కువ ఉన్న ఖాతాలకు 10 ఏళ్లు, మధ్యస్థానికి 8, ఎక్కువ ఉన్నవాటికి 2 ఏళ్లు. పెన్షన్ ఖాతాలు సాధారణంగా తక్కువ రిస్కులోకే వస్తాయి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు చేసిన సవరణ ప్రకారం గడువుకు ముందే కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒక్కసారైనా ఉత్తరం ద్వారా. గడువు దాటాక మళ్లీ కనీసం మూడు రిమైండర్లు, అందులోనూ ఒక ఉత్తరం. అంటే ఏ బ్యాంకైనా 24 గంటల్లో ఖాతా ఆపేస్తానని రాత్రిపూట ఒక్క మెయిల్‌తో చెప్పే పద్ధతే లేదు. వివరాల్లో మార్పేమీ లేకపోతే మీ నాన్నగారు ఒక స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది, దానికి పాస్‌వర్డుతో పనిలేదు. తొందరపెట్టడమే దొంగ మెయిల్ అసలు ఆయుధం. ఇదివరకు స్పెల్లింగ్ తప్పులు చూసి పట్టుకోండి అని మేమే చెప్పేవాళ్లం. ఆ సలహా ఇప్పుడు పనికిరాదు. భాష తప్పుల్లేకుండా వస్తోంది, లోగో అచ్చు దిగిపోతోంది, కింద "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అన్న హెచ్చరిక కూడా కాపీ కొట్టేస్తున్నారు.

చూడాల్సింది అడ్రస్. పంపినవారి పేరు దగ్గర ఎవరైనా ఏ బ్యాంకు పేరైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లో ఆ పేరే కనిపిస్తుంది, అడ్రస్ కనపడదు. పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో పేరు బ్యాంకుదే, కింద అడ్రస్ చూస్తే ఏదో విదేశీ బట్టల దుకాణం పేరులా ఉంది. ఆ దుకాణం మెయిల్ ఖాతాను ఎవరో హ్యాక్ చేసి వాడుకుంటూ ఉండవచ్చు.

లింకు అడ్రస్ చదవడం నేర్పించండి, ఐదు నిమిషాల పని. మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత మొదటి గీత, అంటే స్లాష్, ఎక్కడుందో చూసి, దానికి ముందున్న భాగాన్ని చివరినుంచి చదవాలి. ఉత్తరం మీద ఊరు, జిల్లా చివర్లో ఉన్నట్టే ఇక్కడా అసలు యజమాని పేరు చివరే ఉంటుంది. ఇందులో ఇప్పుడొక మంచి సదుపాయం వచ్చింది. రిజర్వు బ్యాంకు 2025లో మన దేశ బ్యాంకులన్నిటికీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక చిరునామా పెట్టి, అక్టోబరు 31 లోపు అందరూ దానికి మారాలని చెప్పింది. దీన్ని కేటాయించేది హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ (రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ) ఒక్కటే. బ్యాంకు కానివాళ్లకు ఇవ్వరు. కాబట్టి ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని స్లాష్ ముందు ముగిస్తే అది నిజమైన బ్యాంకు. కానీ ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ-వెరిఫై డాట్ టాప్ అని ఉంటే, యజమాని ఆ చివరి కేవైసీ-వెరిఫై. ముందున్న బ్యాంకు పేరు ఉత్త ముసుగు. ఇంగ్లిషు ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనిపిస్తాయి, ఆ కిటుకు కూడా వాడతారు.

తాళం గుర్తును నమ్మొద్దు. మీకూ సైట్‌కూ మధ్య ఎవరూ చూడలేరని మాత్రమే దానర్థం, ఆ సైట్ ఎవరిదో అది చెప్పదు. దొంగ సైట్‌కూ తాళం ఉంటుంది. మీరు ఐటీలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి: జీమెయిల్‌ను కంప్యూటర్లో తెరిచి, మెయిల్ మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు వస్తాయి, మెయిల్ ఆ అడ్రస్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలివి. ఫెయిల్ అని ఉంటే ఆ మెయిల్‌ను నమ్మనే కూడదు. పాస్ అని ఉంటే నిజమని మాత్రం కాదు. ఆ అడ్రస్ నుంచే వచ్చిందని అంతవరకే, అడ్రసే దొంగదైతే పాస్ అయి ఏం లాభం?

అటాచ్‌మెంట్ల గురించి ఒక్క మాట. బ్యాంకు స్టేట్‌మెంట్ పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌గానే వస్తుంది, అది మామూలే. పీడీఎఫ్ కాకుండా వెబ్ పేజీలా తెరుచుకుని లాగిన్ అడిగేవి, ఏపీకే అని ముగిసే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) మాత్రం ముట్టుకోకూడదు. మీ నాన్నగారి ఫోన్‌లో నిన్నటినుంచి కొత్త యాప్ ఏదైనా చేరిందేమో వీడియో కాల్‌లో చూడండి. చేరి ఉంటే డేటా ఆపేసి, బ్యాంకు పనులన్నీ వేరే ఫోన్ నుంచి చేయించండి. ఎందుకంటే అలాంటి యాప్ ఓటీపీని తనే చదివేస్తుంది, మనం చెప్పక్కర్లేదు.

మెయిల్ ఖాతాను కూడా వదలొద్దు. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. బ్యాంకు నుంచి వచ్చే అలర్టులు నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా దొంగలు ఫిల్టర్ పెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఖాతా ఖాళీ అవుతున్నా మనిషికి తెలియదు.

ఇన్ని చెప్పాను కానీ, డెబ్బై ఏళ్ల మనిషి ప్రతి మెయిల్‌కూ ఈ పరీక్షలన్నీ పెట్టలేడు. పెట్టమని అడగడం న్యాయం కూడా కాదు. నేను మా ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్కటే నేర్పాను: మెయిల్ చూపించిన దారిలో బ్యాంకుకు వెళ్లొద్దు. మెయిల్ నిజమైనా సరే, అబద్ధమైనా సరే. మెయిల్ మూసేసి, ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్ తెరవాలి. నిజంగా పని ఉంటే అక్కడ కనిపిస్తుంది. కనపడకపోతే మర్నాడు పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లాలి. ఈ పద్ధతిలో నిజమైన మెయిల్‌ను పొరపాటున కాదన్నా నష్టం లేదు, దొంగ మెయిల్‌ను గుర్తుపట్టకపోయినా నష్టం లేదు. బ్యాంకులు కూడా మెయిళ్లలో ఆఫర్లకు "ఇక్కడ నొక్కండి" అని పెట్టడం మానేస్తే జనానికి ఈ అలవాటు చేయడం ఇంకా తేలికవుతుంది. ఉద్యోగంలో ఉండగా కూడా నేను ఇదే అన్నాను.

నిన్నటి మెయిల్‌ను డిలీట్ చేయించకండి, అది సాక్ష్యం. చుట్టాల గ్రూపులో ఫార్వర్డ్ చేయడం కూడా వద్దు, ఎవరో ఒకరు నొక్కుతారు. అందరికీ చెప్పాలనుకుంటే స్క్రీన్‌షాట్ పెట్టండి. జీమెయిల్‌లో "రిపోర్ట్ ఫిషింగ్" నొక్కండి. డబ్బు పోకపోయినా పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్ల కింద ఇది నేరమే. రేపెప్పుడైనా ఆయన వివరాలతో ఏదైనా జరిగితే, ముందే చెప్పామన్న రుజువు మీ దగ్గర ఉంటుంది. ఇంకో సంగతి, "పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అని వచ్చేవాళ్లు కూడా దొంగలే. 1930 గానీ పోర్టల్ గానీ పైసా అడగవు.

ముందు కార్డు బ్లాక్ అయిందో లేదో చూసి ఇక్కడ రాయండి. నాన్నగారు బ్రాంచికి వెళ్లేటప్పుడు ఏం రాసివ్వాలో తెలియకపోతే చెప్పండి, దరఖాస్తు నమూనా ఈ రాత్రికే తెలుగులో రాసి పెడతాను.